చర్మానికి వచ్చే లింఫోమా: ఇంటర్‌ఫెరాన్ లాంటి మందులూ లైట్ ట్రీట్‌మెంటూ కలిపి ఇవ్వడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బయాప్సీ రిపోర్టులో మైకోసిస్ ఫంగాయిడిస్ అనో, క్యుటేనియస్ టి-సెల్ లింఫోమా (చర్మానికి వచ్చే టి-కణాల లింఫోమా, మొదటిది ఇందులో ఒక రకమే) అనో వచ్చినవాళ్ళ కోసం, వాళ్ళ వెంట ఆసుపత్రికి తిరిగే ఇంట్లోవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికే లైట్ మొదలుపెట్టి, "దీనికి తోడు ఇంజెక్షన్ కూడా పెడదాం" అని డాక్టరు గారు చెప్పినప్పుడు బయటికొచ్చాక మనసులో మెదిలే ప్రశ్నలే ఎక్కువగా తీసుకున్నాను. మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తుందనే రాశాను, ఆ మాటకి బదులుగా మాత్రం కాదు.

ఇది ఫంగసా, క్యాన్సరా? చర్మ క్యాన్సర్ అనొచ్చా?

ఫంగస్ కాదు. 1806లో ఫ్రాన్స్‌లో అలిబేర్ అనే చర్మవైద్యుడు ఒక రోగి ఒంటి మీద పుట్టగొడుగుల్లా లేచిన గడ్డలు చూశాడు, తర్వాత ఆ పోలికతోనే మైకోసిస్ ఫంగాయిడిస్ అని పేరు పెట్టాడు, అది అలాగే ఉండిపోయింది. ఫంగస్ క్రీములు దీనికి పనిచేయవు.

ఇది రక్తంలోని తెల్లకణాలకి సంబంధించిన క్యాన్సర్. టి-కణాలు అనేవి మన రోగనిరోధక వ్యవస్థలో భాగం, వాటిలో కొన్ని చర్మంలో తిష్ఠ వేసి అదుపు తప్పి పెరగడమే ఈ జబ్బు. మామూలుగా చర్మ క్యాన్సర్ అంటే చర్మ కణాల్లోంచి పుట్టేది, ఇది వేరు. చాలామందిలో ఏళ్ళ తరబడి నిదానంగా సాగుతుంది. మొదటి దశ మొదట్లోనే, అంటే ఒంట్లో పది శాతం కంటే తక్కువ చోట మచ్చలున్నప్పుడు పట్టుకుంటే, ఆయుష్షు దాదాపు మామూలు వాళ్ళతో సమానంగానే ఉంటుందని పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో తేలింది. లింఫోమా అన్న మాట వినగానే ఇంట్లో అందరూ కుప్పకూలిపోతారు కాబట్టి ఈ సంగతి ముందే చెబుతున్నాను.

మాకు మొదట బొల్లి అన్నారు, తర్వాత తామర అన్నారు, ఎగ్జిమా అన్నారు. ఇన్నేళ్ళు ఎందుకు తెలియలేదు?

ఈ ప్రశ్న వెనక కోపం ఉంటుంది, అది న్యాయమైనదే. కానీ ఈ జబ్బు నిజంగానే మోసం చేస్తుంది. తెల్లవాళ్ళ చర్మం మీద ఎర్రటి మచ్చలుగా కనబడేది మన చామనఛాయ చర్మం మీద చాలాసార్లు తెల్లబడ్డ, లేదా పాలిపోయిన మచ్చలుగా వస్తుంది. దీన్ని హైపోపిగ్మెంటెడ్ రకం అంటారు. ఇది చిన్న వయసు వాళ్ళలో, పిల్లల్లో కూడా కనబడుతుంది. చూడ్డానికి బొల్లిలా, శోభిలా, ఒక్కోసారి కుష్ఠు మచ్చలా ఉంటుంది. కుష్ఠు మచ్చలో చాలాసార్లు స్పర్శ తగ్గుతుంది, దీనిలో సాధారణంగా తగ్గదు. బొల్లిలో రంగు పూర్తిగా పోయి సున్నం పూసినట్టుంటుంది, దీనిలో ఎక్కువగా సగం పోయినట్టుంటుంది. అయినా కంటితో చూసి తేల్చేసే జబ్బు కాదు ఇది.

దానికి తోడు మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరికే స్టెరాయిడ్ కలిపిన క్రీములు. తామర క్రీమ్ పేరుతో అమ్మే చాలా ట్యూబుల్లో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రాసినన్నాళ్ళు మచ్చ అణిగి ఉంటుంది, ఆపగానే లేస్తుంది, ఈలోగా బయాప్సీ చేసినా అసలు గుర్తులు చెరిగిపోయి "మామూలు ఎగ్జిమా" అని వస్తుంది. అందుకే బయాప్సీకి ముందు కొన్ని వారాలు ఆ క్రీములు ఆపమంటారు. ఒక్క ముక్క పరీక్షతో తేలకపోవడం కూడా మామూలే, రెండుమూడు చోట్ల, కొన్ని నెలల తేడాతో మళ్ళీ తీయాల్సి రావచ్చు. మళ్ళీ ముక్క తీస్తామంటే డాక్టరుకి తెలియక కాదు, తెలుసు కాబట్టే అడుగుతున్నారని అర్థం చేసుకోండి.

లైట్ ట్రీట్‌మెంట్ అంటే రేడియేషనా?

కాదు. రేడియేషన్ వేరే గది, వేరే మెషీన్. ఇది అతినీలలోహిత కిరణాలతో, అంటే ఎండలో ఉండే కిరణాల్లో ఎంచుకున్న ఒక భాగంతో చేసేది. ట్యూబులైట్లు నిలువుగా బిగించిన ఒక పెట్టెలాంటి దాంట్లో కొద్ది నిమిషాలు నిలబడతారు. బొల్లికి, సోరియాసిస్‌కి వాడే మెషీనే.

రెండు రకాలు. ఒకటి నారోబ్యాండ్ యూవీబీ, 311 నానోమీటర్ల దగ్గర వెలువడే కిరణం, మాత్ర ఏమీ అక్కర్లేదు, పలుచటి మచ్చలకి బాగా పనిచేస్తుంది, గర్భిణులకి కూడా సురక్షితంగా ఇవ్వగలిగేది ఇదే. మన దగ్గర ఎక్కువగా కనబడే తెల్లమచ్చల రకం దీనికి చక్కగా లొంగుతుంది. రెండోది పువా. సొరాలెన్ అనే మందు మాత్ర వేసుకుని, గంటన్నర రెండు గంటలాగి, యూవీఏ కిరణాల కింద నిలబడటం. యూవీఏ చర్మంలో ఇంకాస్త లోతుకి వెళ్తుంది, అందుకే మందంగా లేచిన మచ్చలకి దీన్ని ఎంచుకుంటారు. 1976 నుంచి ఈ జబ్బుకి పువా వాడుతున్నారు, అంటే కొత్త ప్రయోగం ఏమీ కాదు.

"ఇమ్యూన్ మందు" అంటున్నారు. ఏ మందు అది?

ఇక్కడ ఆగి ఒక విషయం తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ ఒక్క మాట కింద ఎదురెదురు దిక్కుల్లో పనిచేసే మందులు కలిసిపోతున్నాయి. ఇమ్యూనిటీని తట్టి లేపేవి ఒక రకం, అణిచేవి ఒక రకం. చర్మ లింఫోమాలో లైట్‌తో కలిపి ఇచ్చేది లేపే రకం. దానిలో అన్నిటికంటే పాతది, ఎక్కువ అనుభవం ఉన్నది ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా. వైరస్ వచ్చినప్పుడు మన ఒళ్ళే తయారుచేసుకునే పదార్థం ఇది, దాన్నే ల్యాబులో చేసి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఇదివరకు హెపటైటిస్ సి కి విరివిగా వాడిన మందే. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ కూడా 2000ల మొదట్లో దీన్ని తయారుచేసింది.

అణిచే రకంలో సైక్లోస్పోరిన్ ఉంది. ఎగ్జిమా అనుకుని, సోరియాసిస్ అనుకుని ఎవరైనా మీకు సైక్లోస్పోరిన్ ఇచ్చి ఉంటే, ఇస్తుంటే, లింఫోమా అని తేలిన రోజే ఆ సంగతి చెప్పండి. అది ఈ జబ్బుని వేగంగా ముదరబెట్టగలదు. ఎగ్జిమాకి ఇచ్చే డుపిలుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక అంతవరకూ దాగి ఉన్న లింఫోమా బయటపడిన కేసులు కూడా వైద్య పత్రికల్లో చాలానే వచ్చాయి. కాబట్టి "ఇమ్యూనిటీ మందు పెడతాం" అని చెబితే తలూపి వచ్చేయకండి, పేరేంటి, లేపేదా అణిచేదా అని అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఇవి కాక అసిట్రెటిన్, బెక్సరోటిన్ అనే విటమిన్ ఎ కుటుంబపు మాత్రలు కూడా లైట్‌తో కలిపి ఇస్తారు. ఇవి సూటిగా ఇమ్యూన్ మందులు కావు గానీ ఆ జాబితాలోనే వినబడతాయి. పెళ్ళైన, పెళ్ళి కావాల్సిన ఆడపిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: అసిట్రెటిన్ ఆపాక కూడా మూడేళ్ళు గర్భం రాకూడదు. ఇది చెప్పకుండా మందు చీటీ చేతికిస్తే మీరే అడగండి.

లైట్ ఇమ్యూనిటీని తగ్గిస్తుందని చదివాం. ఇంటర్‌ఫెరాన్ పెంచుతుంది. రెండూ కలిపితే ఒకదాన్నొకటి చెడగొట్టుకోవా?

చాలా మంచి ప్రశ్న, చదువుకున్న పిల్లలు తల్లిదండ్రుల తరఫున ఎక్కువగా అడిగేది ఇదే.

అతినీలలోహిత కిరణాలు చర్మంలో ఇమ్యూన్ కణాలని తగ్గిస్తాయన్నది నిజం. కానీ ఇక్కడ జబ్బు చేసినవే ఇమ్యూన్ కణాలు. కిరణం తగిలిన చోట ఆ చెడ్డ టి-కణాలు వాటంతట అవే చచ్చిపోయేలా అవుతాయి. సొరాలెన్ అయితే కణం లోపలి డీఎన్ఏకి అతుక్కుని, యూవీఏ తగలగానే దాన్ని బిగించేస్తుంది, ఆ కణం ఇక విభజన చెందలేదు. ఇదంతా కిరణం తగిలినంత మేరకే, చర్మం పై పొరల్లోనే జరిగే పని.

ఇంటర్‌ఫెరాన్ పని వేరే. ఈ చెడ్డ కణాలు ఊరికే పెరగవు, ఒంట్లోని మంచి కాపలా కణాలని నిద్రపుచ్చే రసాయనాలు విడుదల చేస్తూ పెరుగుతాయి. జబ్బు ముదిరేకొద్దీ మామూలు ఇన్ఫెక్షన్లు కూడా తేలిగ్గా అంటుకునేది అందుకే. ఇంటర్‌ఫెరాన్ ఆ రసాయనాలకి అడ్డుపడి, క్యాన్సర్ కణాల్ని చంపగలిగే టి-కణాలనీ, న్యాచురల్ కిల్లర్ కణాలనీ మళ్ళీ పనిలో పెడుతుంది. రక్తం ద్వారా తిరుగుతుంది కాబట్టి ఒంట్లో ఎక్కడికైనా చేరుతుంది.

అసలు కలపడానికి పెద్ద కారణం ఇక్కడుంది. పెట్టెలో నిలబడ్డప్పుడు కిరణం అందని చోట్లు ఒంటి మీద చాలా ఉంటాయి: జుట్టు కింద మాడు, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద మడతలు, పిరుదుల మధ్య, కళ్ళజోడు కింది రెప్పలు. ఒళ్ళంతా శుభ్రపడి ఈ మూలల్లో మచ్చ మిగిలిపోవడం, అక్కడినుంచే మళ్ళీ మొదలవడం తరచుగా జరుగుతుంది. అలాగే మందపాటి మచ్చల అడుగున ఉన్న కణాలకి కూడా కిరణం సరిగ్గా అందదు. లైట్ చేరలేని ఆ చోట్లకి మందు చేరుతుంది. రెండోది, మందు సాయంతో త్వరగా తగ్గితే లైట్ సిట్టింగులు తక్కువ సరిపోవచ్చు. యూవీఏ జీవితకాలం మీద లెక్కపెట్టుకోవాల్సిన వస్తువు (ఎందుకో కింద చెబుతాను) కాబట్టి అది చిన్న లాభం కాదు.

కలిపి ఇస్తే నిజంగా మేలని రుజువుందా?

ఉంది, కానీ ఎంతవరకు ఉందో అంతవరకే చెబుతాను.

షికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ డాక్టర్లు 1990ల మొదట్లో పువా, ఇంటర్‌ఫెరాన్ కలిపి ఇచ్చి మంచి ఫలితాలు చూపించారు, కానీ పక్కన పోల్చడానికి మరో గుంపు లేదు. పోలికతో చేసిన ముఖ్యమైన ట్రయల్ జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగింది, స్టాడ్లర్ బృందం 1998లో 'బ్లడ్' పత్రికలో ప్రచురించింది. 98 మందిని తీసుకున్నారు, వాళ్ళలో తొలి దశల్లో ఉన్న 82 మందిని పోల్చి చూశారు. ఇంటర్‌ఫెరాన్‌తో పువా కలిపిన గుంపులో 70 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి, ఇంటర్‌ఫెరాన్‌తో అసిట్రెటిన్ కలిపిన గుంపులో 38 శాతం మందికి. తేడా పెద్దదే.

కానీ జాగ్రత్తగా చూడండి. ఆ ట్రయల్ చెప్పింది ఇంటర్‌ఫెరాన్ పక్కన పెట్టడానికి అసిట్రెటిన్ కంటే పువా మేలని. ఒక్క పువా కంటే రెండూ కలిపితే ఎంత మేలు అన్నది వేరే ప్రశ్న, దానికి ఇంత గట్టి జవాబు ఇవ్వదు అది. తొలి దశలో పువా ఒక్కటే ఇచ్చినా చాలామందికి మచ్చలు పూర్తిగా పోతాయి మరి.

బెక్సరోటిన్ విషయంలో ఆ సూటి పోలిక యూరప్‌లో జరిగింది, 2012లో ఫలితాలు వచ్చాయి. 93 మంది. పువా ఒక్కటే ఇచ్చిన గుంపులో 22 శాతానికి, బెక్సరోటిన్ కలిపిన గుంపులో 31 శాతానికి పూర్తిగా తగ్గింది. చూడ్డానికి తేడా ఉన్నా, అనుకున్నంత మంది చేరక ట్రయల్‌ని ముందే ఆపేశారు, లెక్కల ప్రకారం ఆ తేడా నిలబడలేదు. కలిపిన గుంపులో తక్కువ సిట్టింగులతో, తక్కువ యూవీఏతో పని జరిగే ధోరణి మాత్రం కనబడింది.

నా మట్టుకు నాకు ఇవన్నీ చదివాక తోచేదిది: పలుచటి మచ్చలతో మొదటి దశలో ఉన్న మనిషికి తొలిరోజునుంచే ఇంజెక్షన్ అక్కర్లేదు. లైట్ ఒక్కటే ఇచ్చి చూడటమే సబబు. మచ్చలు మందంగా ఉన్నా, ఒంట్లో ఎక్కువ భాగం ఆక్రమించినా, మడతల్లో జబ్బు దాగినా, లైట్‌తో తగ్గి వెంటనే తిరగబెట్టినా అప్పుడు కలపడానికి బలమైన కారణం ఉన్నట్టు. మీ చీటీలో రెండూ రాసి ఉంటే వీటిలో మీది ఏ కారణమో డాక్టరు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి.

మా దశ ఎలా తెలుస్తుంది?

చర్మం మీద జబ్బు ఎంత మేర ఉందో మీ అరచేత్తో కొలవొచ్చు, వేళ్ళతో సహా అరచేయి ఒంట్లో సుమారు ఒక శాతం. పది అరచేతులకి తక్కువైతే ఒకటో దశలో ఏ, ఎక్కువైతే బీ. గడ్డలు లేస్తే రెండో దశలో బీ. ఒళ్ళంతా ఎర్రబడి పొట్టు రాలుతుంటే మూడు. రక్తంలో చెడ్డ కణాలు బాగా ఎక్కువగా ఉన్నా, బిళ్ళకట్టిన లింఫు గ్రంథుల్లోకో లోపలి అవయవాల్లోకో చేరినా నాలుగు. రక్తపరీక్ష, కొందరికి స్కాన్ కూడా కావాలి.

ఇంజెక్షన్ ఎలా ఉంటుంది? ఉద్యోగం చేసుకోగలనా?

చాలామంది చేసుకుంటారు. మొదటి రెండుమూడు వారాలు మాత్రం కష్టం. ఇంజెక్షన్ వేసిన నాలుగైదు గంటలకి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు, అచ్చం వైరల్ జ్వరం వచ్చినట్టే. అందుకే పడుకోబోయే ముందు వేసుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకోమంటారు. పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద వేసే చిన్న సూది, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఇంట్లో ఉంటే ఒక పూటలో నేర్పిస్తారు. 1998 ట్రయల్‌లో వారానికి మూడుసార్లు 90 లక్షల యూనిట్లు వాడారు, ఇప్పుడు చాలామంది డాక్టర్లు 30 లక్షల యూనిట్ల దగ్గరో అంతకన్నా కిందో మొదలుపెట్టి, తట్టుకునేదాన్ని బట్టి పెంచుతారు. మందు ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టకూడదు. ఊరినుంచి హైదరాబాద్‌కో విశాఖకో వచ్చి కొనుక్కుని బస్సులో వెళ్ళేవాళ్ళు చల్లపెట్టె గురించి షాపులోనే అడిగి తీసుకోండి, మే నెల ఎండలో సంచిలో వేసుకుని వెళ్తే మందు పాడవుతుంది.

జ్వరం కొన్నాళ్ళకి తగ్గుతుంది. నీరసం మిగులుతుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు, లివర్ ఎంజైములు పెరగొచ్చు, థైరాయిడ్ అటోఇటో కావొచ్చు, అందుకే రక్తపరీక్షలు తప్పించుకోకూడదు.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పదలచుకున్నది మనసు గురించి. ఇంటర్‌ఫెరాన్ కొందరిలో డిప్రెషన్ తెస్తుంది. దిగులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం, బతకాలని లేకపోవడం. "క్యాన్సర్ వచ్చింది కదా, దిగులు ఉండదా మరి" అని ఇంట్లోవాళ్ళు సర్దుకుపోతారు, రోగి కూడా అలాగే అనుకుంటాడు, మందు వల్ల వస్తోందని ఎవరికీ తట్టదు. మొదలుపెట్టే ముందే ఇంట్లో ఒకరికి ఈ సంగతి చెప్పి ఉంచండి. ఇదివరకు డిప్రెషన్‌కి మందులు వాడి ఉంటే దాచకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మందు తగ్గించొచ్చు, ఆపేయొచ్చు, వేరే దారులున్నాయి.

పువా తీసుకునే రోజు జాగ్రత్తలేంటి?

మాత్ర కాస్త తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. వేసుకున్న దగ్గర్నుంచి 24 గంటలు యూవీఏని ఆపే కళ్ళజోడు పెట్టుకోవాలి, ఇంట్లో కిటికీ పక్కన కూర్చున్నా సరే, ఎందుకంటే యూవీఏ మామూలు గాజులోంచి వచ్చేస్తుంది. జోడు లేకపోతే కంట్లో శుక్లాలు వచ్చే ప్రమాదం. ఆ రోజంతా ఒంటికి ఎండ తగలకూడదు, బైక్ మీద వెళ్ళేవాళ్ళు చేతులు, మెడ కప్పుకోవాలి. పెట్టెలో ఉన్నప్పుడు మగవాళ్ళు మర్మాంగాల మీద గుడ్డ తప్పనిసరిగా కప్పుకోవాలి.

డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, బీపీకి వాడే కొన్ని నీటి మాత్రలు చర్మాన్ని కాంతికి సున్నితం చేస్తాయి. జ్వరం వచ్చి ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన మాత్ర వేసుకుని మర్నాడు లైట్‌కి వెళ్తే ఒళ్ళు కాలిపోవచ్చు. కొత్త మాత్ర ఏది వేసుకున్నా లైట్ గదిలో చెప్పాకే లోపలికి వెళ్ళండి.

దీర్ఘకాలంలో మామూలు చర్మ క్యాన్సర్లు వచ్చే ప్రమాదం పువాతో పెరుగుతుంది, అది మొత్తం సిట్టింగుల లెక్కతో ముడిపడి ఉంటుంది. జీవితం మొత్తంలో 200 దాటుతున్నారంటే ఆగి ఆలోచించాలని చాలా దేశాల మార్గదర్శకాలు అంటాయి. కాబట్టి ఎన్ని సిట్టింగులయ్యాయో, మొత్తం డోసెంతో రాసిన కార్డు మీ దగ్గర ఉంచుకోండి. ఆసుపత్రి మారితే ఆ కార్డే మీ చరిత్ర.

రోజూ ఎండలో నిలబడితే చాలదా? బావంచాలు వాడొచ్చా?

వద్దు. బావంచాల్లో సొరాలెన్లు ఉన్న మాట నిజం, బొల్లికి మన వైద్యంలో ఎప్పటినుంచో వాడుతున్న మాటా నిజం. ఈజిప్టులో కూడా నైలు ఒడ్డున పెరిగే ఒక మొక్క గింజల్ని ఇలాగే వాడేవారు, 1940లలో కైరోలో ఆ గింజల్నుంచే ఈనాటి సొరాలెన్ మందుని వేరుచేశారు. కానీ గింజలో ఎంత మందుందో, ఆ పూట ఎండలో ఎంత యూవీఏ ఉందో కొలిచే దారి లేదు. తక్కువైతే జబ్బు పెరుగుతుంది, ఎక్కువైతే బొబ్బలు. పైగా ఆసుపత్రిలో పువా తీసుకుంటూ ఇంట్లో బావంచాలు కూడా వాడితే రెండింతల మందు పడ్డట్టే, తీవ్రంగా కాలిన కేసులు దీనివల్లే వస్తాయి.

రక్తం బయటికి తీసి లైట్ పెడతారట?

దాన్ని ఫోటోఫెరెసిస్ అంటారు. రక్తంలోంచి తెల్లకణాల్ని వేరుచేసి, వాటికి సొరాలెన్ కలిపి, యూవీఏ పెట్టి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. యేల్ యూనివర్సిటీలో రిచర్డ్ ఎడెల్‌సన్ బృందం 1987లో 37 మందికి ఇచ్చి 27 మందిలో మెరుగుదల చూసింది, మర్నాటి ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. తొలి దశ మచ్చలకి ఇది కాదు. ఒళ్ళంతా ఎర్రబడ్డవాళ్ళకి, రక్తంలో జబ్బు ఉండే సెజారీ సిండ్రోమ్‌కి. చనిపోతున్న ఆ కణాల్ని చూసి ఒంట్లో మంచి కణాలు మిగతావాటిని గుర్తుపట్టడం నేర్చుకుంటాయి, అంటే ఇది లైటూ ఇమ్యూన్ వైద్యమూ ఒక్కటైపోయిన పద్ధతి. సాధారణంగా వరసగా రెండ్రోజులు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి. దీనికి తోడుగా కూడా ఇంటర్‌ఫెరాన్ ఇస్తారు. మెషీన్ ఉన్న చోట్లు మన దేశంలో తక్కువ.

పక్కింటాయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పెంబ్రోలిజుమాబ్ పెట్టారు. మాకు లైట్‌తో కలిపి అది పెట్టమంటే?

మీరు అడిగేది అర్థమవుతోంది, కొత్తదైతే మంచిదనిపిస్తుంది. కానీ ఆ మందు టి-కణాల బ్రేకులు తీసేస్తుంది, మీ జబ్బే టి-కణాల జబ్బు. ముదిరిన చర్మ లింఫోమా ఉన్న 24 మందికి ఇచ్చిన ఒక ట్రయల్‌లో 38 శాతం మందికి మేలు జరిగింది, అది మంచి కబురే, అయితే కొందరు సెజారీ రోగుల్లో చర్మం ముందు బాగా రేగింది. దగ్గరి జబ్బే అయిన మరో టి-కణ లుకేమియాలో ఇదే కుటుంబపు మందు ఇవ్వగానే జబ్బు ఒక్కసారిగా ముదిరిన సందర్భాలున్నాయి. తొలి దశలో లైట్ పక్కన దీనికి చోటు లేదు.

మొగాములిజుమాబ్ అనేది ఈ జబ్బుకి వాడే యాంటీబాడీ మందు, అమెరికాలో దీనికి 2018లో అనుమతి వచ్చింది. 372 మంది ట్రయల్‌లో వోరినోస్టాట్ అనే మాత్రతో పోలిస్తే జబ్బు ముదరకుండా 7.7 నెలలు ఆపింది, ఆ మాత్ర 3.1 నెలలు ఆపింది. దీనివల్ల వచ్చే దద్దు అచ్చం జబ్బు తిరగబెట్టినట్టే ఉంటుంది, బయాప్సీ చేయకుండా మందు పనిచేయట్లేదని ఆపేయడం పెద్ద నష్టం. అమెరికాలో ఉండే పిల్లలు అక్కడి డాక్టర్ని కనుక్కుని ఈ పేరు చెబుతుంటారు, కానీ ఇది కనీసం ఒక మందు విఫలమైనవాళ్ళకి ఇచ్చేదని వాళ్ళకి చెప్పండి.

ఇంటర్‌ఫెరాన్ దొరకట్లేదంటున్నారు?

నిజమే. హెపటైటిస్ సి కి మాత్రలు వచ్చాక ఇంటర్‌ఫెరాన్ అమ్మకాలు పడిపోయి, పెద్ద విదేశీ కంపెనీలు పాత రకాల తయారీ ఆపేశాయి. ఇప్పుడు ఎక్కువగా వాడేది పెగిలేటెడ్ రకం, అంటే ఒంట్లో ఎక్కువకాలం నిలిచేలా మార్చినది, వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలు. మనకి జైడస్ కంపెనీ పెగిలేటెడ్ ఆల్ఫా-2బి తెలుసు, 2021లో కోవిడ్‌కి అత్యవసర అనుమతి వచ్చిన మందే. మోతాదు లెక్క పాత ఇంజెక్షన్‌ది వేరు, దీనిది వేరు, షాపువాళ్ళు ఒకటి లేదని ఇంకొకటి ఇస్తే తీసుకోకండి. మొదలుపెట్టే ముందు కనీసం మూడు నెలలకి సరిపడా దొరుకుతుందో లేదో కనుక్కోండి, మధ్యలో ఆగిపోతే మొదటి వారాల జ్వరాలు మళ్ళీ పడాలి.

మచ్చలన్నీ పోయాయి. ఆపేయొచ్చా?

ఒక్కసారిగా వద్దు. కంటికి పోయినా కణాలు మిగిలి ఉంటాయి, తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావం. ఆస్ట్రియాలో పువాతో పూర్తిగా తగ్గినవాళ్ళని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి తొమ్మిది నెలలపాటు తక్కువ సిట్టింగులు కొనసాగించారు, రెండో గుంపుకి ఆపేశారు. కొనసాగించినవాళ్ళు సగటున 15 నెలలు మచ్చ లేకుండా ఉన్నారు, ఆపేసినవాళ్ళు 4 నెలలు. చిన్న ట్రయల్, 2019లో వచ్చింది, కానీ నిదానంగా తగ్గించడం వెనక ఉన్న ఆలోచన దీనితో అర్థమవుతుంది. ఇంటర్‌ఫెరాన్ కలిపినవాళ్ళకి కొందరు డాక్టర్లు లైట్ ముందు ఆపి, ఇంజెక్షన్ ఇంకొన్ని నెలలు తక్కువ మోతాదులో ఉంచుతారు. సిట్టింగుల లెక్క పెరగకుండా కాపాడుకోవడానికి ఇది తెలివైన దారి. మళ్ళీ వస్తే ఓడిపోయినట్టు కాదు, ముందు పనిచేసిన లైటే మళ్ళీ పనిచేయడం చాలామందిలో చూస్తాం.

ఇది అంటుకుంటుందా? పిల్లలకి వస్తుందా?

అంటుకోదు. కలిసి తినొచ్చు, కలిసి పడుకోవచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు. తరాలుగా వచ్చే జబ్బు కాదు. తెల్లమచ్చ చూసి పెళ్ళి సంబంధం చెడగొట్టుకునే వాళ్ళకి ఈ రెండు మాటలూ గట్టిగా చెప్పండి.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

ఇద్దరి దగ్గరికీ. లైట్ మెషీన్ ఉండేది చర్మ విభాగంలో, ఇంటర్‌ఫెరాన్ మీద చెయ్యి తిరిగినవాళ్ళు ఉండేది క్యాన్సర్ లేదా రక్త విభాగంలో. రోగి ఈ రెండు గదుల మధ్య పడి నలుగుతాడు, ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. లైట్ కార్డు, రక్తపరీక్షలు, బయాప్సీ రిపోర్టు, ఒకే కోణంలో నెలకోసారి తీసిన ఫోటోలు ఒకే ఫైల్లో పెట్టి ఇద్దరికీ చూపించండి. బయాప్సీ ముక్కని భద్రపరిచిన మైనపు దిమ్మల్ని అడిగి తీసుకోవడం మీ హక్కు, అనుమానం ఉంటే వాటిని ముంబయి టాటా మెమోరియల్‌కో, వెల్లూరు సీఎంసీకో పంపి రెండో అభిప్రాయం తీసుకోవచ్చు, మనిషి వెళ్ళాల్సిన పని లేకుండానే చాలాసార్లు అయిపోతుంది. వారానికి మూడుసార్లు లైట్ అంటే ఊరినుంచి తిరగడం అసాధ్యమైతే జిల్లా కేంద్రంలో బొల్లికి లైట్ ఇచ్చే చర్మ డాక్టరుతో మీ పెద్దాసుపత్రి డాక్టరు ఫోన్‌లో మాట్లాడి, డోసు కాగితం మీద రాసిస్తే అక్కడే తీసుకోవచ్చు. ఖర్చు విషయం ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గర ఆరోగ్యమిత్రని ముందే అడగండి, చికిత్స మొదలయ్యాక కాదు.